ఏథెన్సుకి మూడు గంటల నలభై

హెల్సింకి,
1984 ఏప్రిల్ 2

దెస్పినాకి,

ఈసారి ఉత్తరం టైపు చేసి పంపుతున్నాను. నా చేతిరాత ఈమధ్య బాగా పాడైంది, చదవలేక నువ్వు తిప్పలు పడటం ఎందుకని.

సంగతేమిటంటే, సైప్రస్‌లో ఉంటున్న మా తమ్ముడు తౌనో మెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. భార్య పోయినప్పటి నుంచి ఒక్కడే ఉంటున్నాడు. నెల రోజులు దగ్గరుండి వండిపెట్టడానికి వెళ్తున్నాను. మే 16న ప్రయాణం. సెలవులకు వెళ్ళేవాళ్ళ చార్టర్ విమానంలో ఒక సీటు మిగిలితే తీసుకున్నాను. అది మామూలు టైంటేబుల్లో కనపడదు. ఇంధనం పోయించుకోవడానికి మీ ఊళ్ళో ఆగుతుందట. 11.20కి దిగుతుంది, 13.10కి లేస్తుంది.

గంటా యాభై నిమిషాలు. అదే విమానంలో ముందుకు వెళ్ళే ప్రయాణికులు కూర్చునే హాల్లో ఉంటాను. బయటకు రానివ్వరు. నువ్వు ముప్పై ఏళ్ళు పనిచేసిన చోటు కదా, నిన్ను లోపలికి వదులుతారేమో కనుక్కో. నీకు వీలు పడకపోతే ఫర్వాలేదు.

హిల్కా


ఏథెన్సు,
1984 ఏప్రిల్ 13

నా హిల్కా,

"వీలు పడకపోతే ఫర్వాలేదు" అట! నీ నోట్లో మన్ను పడ! ఇరవై నాలుగేళ్ళ స్నేహం, ఒక్కసారి ముఖం చూడటానికి నాకు వీలు పడదా? ఉత్తరం చదివి మెట్ల మీదే కూలబడ్డాను. మా చెల్లెలు వాసో పక్క వీధి నుంచి పరుగెత్తుకొచ్చింది, ఎవరు పోయారోనని. "ఎవరూ పోలేదే, హిల్కా వస్తోంది" అన్నాను. "ఆ టెలిప్రింటరు పిల్లా? నిజంగా ఉందా అలాంటి మనిషి?" అంది. చూశావా, మా వాళ్ళు ఇన్నాళ్ళూ నిన్ను నేను కల్పించాననుకుంటున్నారు.

వాళ్ళని మాత్రం ఏమనగలం? మన స్నేహం అలాంటిది. మీ ఊళ్ళో విమానం లేచిందని నువ్వు అక్కడ మీటలు కొడితే, ఇక్కడ నా ముందున్న కాగితం మీద అక్షరాలు పడేవి. దిగిందని నేను కొట్టేదాన్ని. పని తక్కువున్న రోజుల్లో చివర ఒక ముక్క కలిపేవాళ్ళం. "ఇక్కడ మంచు. అక్కడ?" అని నువ్వు, "ఇక్కడ మా అత్త" అని నేను. ఆ నవ్వు కూడా కాగితం మీదే. డెబ్బై ఒకటిలో ఒక్కసారి ఫోను చేసుకున్నాం, గుర్తుందా? నా ఇంగ్లీషు నీకూ, నీ ఇంగ్లీషు నాకూ ముక్క అర్థం కాక "హలో, హలో" అని పెట్టేశాం. అక్షరాల్లోనే మనం స్నేహితులం, తల్లీ. గొంతు మనకి అచ్చిరాలేదు.

నువ్వు రాసిన 11.20ని కత్తిరించి వంటింటి గడియారం కింద అతికించాను. ఆ గడియారం ఇప్పటికీ గ్రీనిచ్ టైమే చూపిస్తుంది. మన పనిలో ప్రపంచం అంతటికీ ఒకటే టైము, ఆ అలవాటు చావదు. ఇప్పుడు ఎండాకాలమని ఊరి గడియారాలు గంట ముందుకు జరిపారు కదా, ఊరి టైముకి మూడు గంటలు వెనక. వాసో వచ్చినప్పుడల్లా "నీ ఇంట్లో ఎప్పుడు చూసినా భోజనాల వేళ దాటదేమే" అని తిడుతుంది. తిట్టుకోనీ.

లోపలికి వదలడం గురించి దిగులు పడకు. నాతో పనిచేసిన స్తెలియోస్ ఇంకా విమానాశ్రయంలోనే ఉన్నాడు, నా మాట కాదనడు. పండక్కి చేసే వెన్న బిస్కెట్లు నీ కోసం మళ్ళీ చేస్తాను. నీ ఫోటో ఒకటి పంపు, నాది కూడా పంపుతాను. గుర్తుపట్టాలి కదా!

నీ దెస్పినా


హెల్సింకి,
1984 ఏప్రిల్ 25

దెస్పినాకి,

ఫోటో పంపవద్దు. నేనూ పంపను. ఫోటోలో మనిషి వేరు. బూడిద రంగు పొడుగు కోటు వేసుకుంటాను. అద్దాల గోడ పక్కన నిలబడతాను. నువ్వే వచ్చి పేరు పెట్టి పిలు.

నేను వెతకను. నిలబడి ఉంటాను. ఇది మరిచిపోకు.

హిల్కా


ఏథెన్సు,
1984 మే 16

హిల్కా, హిల్కా, హిల్కా,

ఏం పని చేశావే! ఎంత పని చేశావే!

మధ్యాహ్నం రెండు గంటలకు విమానాశ్రయంలో ఉన్నాను. ఇరవై నిమిషాలు ముందే వచ్చానని గర్వం కూడానూ. చేతిలో బిస్కెట్ల డబ్బా, మెడలో మా ఆయన పోయాక ఎప్పుడూ తియ్యని నల్ల శాలువా బదులు వాసో దగ్గర అడిగి తెచ్చుకున్న నీలం శాలువా. స్తెలియోస్ నన్ను చూసి నోరు తెరిచాడు. "ఇప్పుడొచ్చావేం దెస్పినా? ఆ సైప్రస్ చార్టరు ఒంటి గంట పదికే లేచిపోయిందిగా!" అన్నాడు. బూడిద కోటావిడ అద్దాల పక్కన కర్రలా నిలబడి ఉందనీ, కుర్చీ చూపిస్తే కూడా కూర్చోలేదనీ చెప్పాడు.

అప్పుడు అర్థమైంది. నువ్వు రాసింది ఊరి టైము! ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారైనా, ఒక్కటంటే ఒక్క అంకె అయినా, గ్రీనిచ్ కాకుండా నాకు పంపావా? ఇవాళే దొరికిందా నీకు ఊరి టైము రాయడానికి? మీ ఊరి గడియారమూ మా ఊరి గడియారమూ ఒకటే చూపిస్తాయని నీకు తెలుసు, నాకు తెలుసు. కానీ మన మధ్య ఊరి గడియారం ఎప్పుడుంది? 11.20 అంటే నాకు రెండూ ఇరవయ్యే, తల్లీ. మరో మాట తలలోకే రాలేదు. మామూలు మనుషులైతే ఎవరూ చెయ్యని తప్పు. మేకు కొట్టినట్టు కూర్చుంది నా బుర్రలో.

ఆ అద్దాల దగ్గరే నిలబడి ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. స్తెలియోస్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఈ ఉత్తరం ఎక్కడికి పంపను? మీ తమ్ముడి చిరునామా నాకివ్వలేదు. హెల్సింకికే వేస్తున్నాను, తిరిగొచ్చాక చూస్తావు. అప్పటిదాకా నన్ను ఏమనుకుంటూ ఉంటావో తలుచుకుంటే ముద్ద దిగటంలేదు.

దెస్పినా


లార్నకా,
1984 మే 19

దెస్పినాకి,

తౌనో కోలుకుంటున్నాడు. ఇక్కడ ఎండ ఎక్కువ.

నువ్వు రాలేదు. లేదా వచ్చావు. పన్నెండున్నరకి ఒకావిడ నా వైపు నడిచి వచ్చింది. ముఖం సరిగ్గా చూడలేదు. నాలుగడుగుల దూరంలో ఆగింది, కాసేపు నిలబడింది, వెళ్ళిపోయింది. నువ్వే అనుకుంటున్నాను. అద్దం పక్కన నిలబడ్డ మనిషిని చూసి, మనసు మార్చుకున్నావేమో. కాగితం మీద ఉన్న మనిషిని అలాగే ఉంచుకోవాలనుకోవడం తప్పు కాదు. నేను అర్థం చేసుకోగలను.

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. రాయాలనుకుంటే వెనక చిరునామా ఉంది.

హిల్కా


ఏథెన్సు,
1984 మే 28

ఓసి పిచ్చిదానా,

నేను వచ్చి, నిన్ను చూసి, పిలవకుండా వెళ్ళిపోయానా? అంత రాతిగుండెదాన్నని ఎలా అనుకున్నావే? నన్ను పట్టుకుని రెండు తగిలించినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

ఆవిడెవరో నేను కాదు. మా తల్లి మీద ఒట్టు. ఆ వేళకి నేను ఇంట్లో బిస్కెట్ల మీద నువ్వులు చల్లుతున్నాను. నువ్వు రాసిన టైముని గ్రీనిచ్ అనుకున్నాను. జరిగిందంతా వివరంగా రాసి, పదహారోనాడే మీ ఇంటికి పంపాను. అక్కడ తలుపు సందులోంచి పడి నేల మీద ఉంటుంది. ఇదీ మన బతుకు: విమానానికి మూడు గంటల నలభై నిమిషాలు, మన మాటకి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నువ్వు నన్ను ద్రోహి కింద జమకట్టుకుని కూర్చున్నావు.

ఇంకొకటి. "అద్దం పక్కన నిలబడ్డ మనిషిని చూసి మనసు మార్చుకున్నావేమో" అన్నావు. ఏమిటి, నీకు కొమ్ములున్నాయా? అరవై ఒక్క ఏళ్ళదానివి. నాకు యాభై తొమ్మిది. ఈ వయసులో ఎవరి అందం ఎవరు చూడొచ్చారు? నేను బారెడు పొట్టతో ఉన్నాను. నీలం శాలువా కప్పుకున్నా దాగలేదు.

తిరుగు ప్రయాణంలో ఇక్కడ ఆగుతావా? ఒక్క మాట రాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే చాప వేసుకుని పడుకుంటాను. ఈసారి ఏ గడియారంతోనూ పనిలేదు.

నీ దెస్పినా


హెల్సింకి,
1984 జూన్ 20

దెస్పినాకి,

తిరుగు విమానం మీ ఊళ్ళో ఆగలేదు. నీ రెండో ఉత్తరం లార్నకాలో అందింది, మొదటిది ఇక్కడ నేల మీద దొరికింది. రెండూ కలిపి చదివాను. చదవడానికి రెండు రోజులు పట్టింది. క్షమించు.

ఊరి టైము ఎందుకు రాశానో చెప్తాను. పని మానేసిన ఏడాది నుంచి నాకు ఒక కోరిక. నీకు ఒక్క ఉత్తరమైనా ఆపరేటరులా కాకుండా రాయాలని. పక్కింటావిడకు "పదకొండింటికి రా, కాఫీ తాగుదాం" అని చెప్తారే, అలాగ. అందుకే ఊరి టైము రాశాను. రాసి సంతోషించాను కూడా. నువ్వు గ్రీనిచ్ అనుకుంటావని ఒక్క క్షణం కూడా తట్టలేదు. నువ్వు వంటింట్లో ఆ గడియారం ఉంచుకున్నావని నీ ఉత్తరంలో చదివి నవ్వుకున్నాను. నవ్వుకుని వదిలేశాను. అప్పుడే అర్థం చేసుకోవలసింది.

ఆ గంటా యాభై నిమిషాలు నా జీవితంలో చాలా పొడుగ్గా గడిచాయి. మీ ఊరి భాషలో మైకులో ఏదో చెప్పినప్పుడల్లా నన్నే పిలుస్తున్నారనుకున్నాను.

ఇక నేను ప్రయాణాలు చెయ్యను. కారణం ఆరోగ్యం, పెద్దదేమీ కాదు. ఇక్కడ ఇప్పుడు రాత్రి పదకొండైనా వెలుతురు పోదు. పార్కులన్నీ జనం. నేను మా వీధి చివరి దాకా వెళ్ళి వచ్చేస్తాను.

హిల్కా


ఏథెన్సు,
1984 ఆగస్టు 17

నా హిల్కా,

రెండు నెలలు రాయలేదని అలిగావా? ఉత్తరం రాయడం కంటే పెద్ద పని పెట్టుకున్నాను. విను.

నేను ఎన్ని వేల విమానాలు దిగాయని రాశానో లెక్కలేదు. ఒక్క విమానమూ ఎక్కలేదు. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గేసి. దీపం కిందే చీకటి అంటారే, అదీ నా సంగతి. మా ఆయన బతికున్నప్పుడు సిబ్బందికి ఇచ్చే ఉచిత టికెట్లు ఏటా వచ్చేవి. ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునేదాన్ని. మా ఆయన ఒక్కడే వెళ్ళి లండన్ చూసొచ్చాడు, పాపం. భయం, హిల్కా. లేచిందన్న కబురుకీ దిగిందన్న కబురుకీ మధ్య ఆ మూడు గంటల నలభై నిమిషాలు నేను ఊపిరి బిగబట్టుకునే ఉండేదాన్ని, ప్రతి విమానానికీ. "దిగింది" అని కొట్టాకే కాఫీ తాగేదాన్ని.

మొన్న పాస్‌పోర్టు చేయించుకున్నాను. ఫోటోలో కోడి దొంగతనంలో పట్టుబడ్డదానిలా ఉన్నాను. సెప్టెంబరు 20న వస్తున్నాను, నాలుగు రోజులుంటాను. వాసో ఏడుస్తోంది, నేను తిరిగి రాననుకుని. "నీ బట్టలూ సామాన్లూ నాకు రాసి వెళ్ళవే" అన్నట్టు చూస్తోంది నా గాజు గిన్నెల వైపు.

నువ్వు ప్రయాణం చెయ్యవన్నావు. ఆరోగ్యం అన్నావు, ఏమిటో చెప్పలేదు. నేను అడగను. నేనే వస్తున్నాను.

విమానం మీ ఊరి టైము సాయంత్రం నాలుగున్నరకి దిగుతుంది. గ్రీనిచ్ 13.30. రెండూ రాశాను. ఇంకేం కావాలి నీకు?

దెస్పినా


హెల్సింకి,
1984 ఆగస్టు 29

దెస్పినాకి,

రా.

విమానాశ్రయానికి వస్తాను. బూడిద కోటే. ముందులాగే నువ్వే పిలు. యాలకుల రొట్టె చేస్తాను. చలిగా ఉంటుంది, ఉన్ని మేజోళ్ళు తెచ్చుకో.

నిన్నటి నుంచి ఇల్లు సర్దుతున్నాను.

హిల్కా


ఏథెన్సు,
1984 అక్టోబరు 2

హిల్కా,

క్షేమంగా చేరాను. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాను. నాలుగోసారి చింపను. మనసులో పెట్టుకుని కుళ్ళేకంటే చెప్పేయడం నా పద్ధతి, నీకు తెలుసు.

నువ్వు నన్ను బాగానే చూసుకున్నావు. మెత్తని పరుపు, వేడివేడి చారు, యాలకుల రొట్టె. ఆ ఆవిరి గదిలో ఉడికించి చంపబోయావు, అది కూడా ప్రేమతోనే. రేవులో చేపల సంత దగ్గర నా చెయ్యి గట్టిగా పట్టుకునే నడిచావు, అది నాకు బాగుంది. ఫోనులో ముక్క అర్థం కాని మన ఇంగ్లీషు కూడా ఎదురెదురుగా కూర్చుంటే బాగానే అర్థమైంది. ఏమీ తక్కువ చెయ్యలేదు.

కానీ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా నా ముఖం వైపు చూశావా?

నేను మాట్లాడుతుంటే నువ్వు కిటికీ వైపు చూశావు. భోజనాల దగ్గర నా భుజం పక్కనున్న అల్మరా వైపు చూశావు. మా ఆయన చివరి రోజుల గురించి చెప్తూ నేను కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే, నువ్వు దీపం వైపు తల తిప్పుకున్నావు. విమానాశ్రయంలో నేను పేరు పెట్టి పిలవగానే వచ్చి కావలించుకున్నావు, నిజమే. ఆ తర్వాత నా చెవి పక్కనుంచి ఎక్కడికో చూస్తూ "బాగున్నావా" అన్నావు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని నేను తిరిగి చూశాను కూడా. వెళ్ళేటప్పుడూ అంతే. నేను చెయ్యి ఊపుతుంటే నువ్వు స్తంభం వైపు చూస్తూ ఊపావు.

మీ దేశంలో మాటలు తక్కువని తెలుసు. చూపులు కూడా తక్కువేనా? మీ దుకాణంలో రొట్టెలమ్మే పిల్ల నా ముఖం చూసి నవ్వింది. ట్రాములో పక్కన కూర్చున్న ముసలాయన చూశాడు. నువ్వు చూడలేదు. నువ్వనుకున్న దెస్పినా వేరేమో, ఈ లావుపాటి వాగుడుకాయ కాదేమో. లార్నకా నుంచి నాకు నువ్వు రాశావే, "కాగితం మీద ఉన్న మనిషిని అలాగే ఉంచుకోవాలనుకోవడం తప్పు కాదు" అని. అది నీ మనసులో మాటే అయ్యుంటుంది.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రెండున్నర వేల కిలోమీటర్లు ఎగిరొచ్చాను. రాకుండా ఉండాల్సింది. కాగితం మీద నాకు ఎవరో ఒకరు ఉండేవారు. ఇప్పుడు సాయంత్రం పూట కాఫీ పెట్టుకుని కూర్చుంటే, ఎవరూ లేరనిపిస్తోంది.

దెస్పినా


హెల్సింకి,
1984 అక్టోబరు 14

దెస్పినా,

నీ ఉత్తరం పై అంతస్తులో ఉండే నర్సు కైసాతో చదివించుకున్నాను. నువ్వు రాసేవన్నీ రెండేళ్ళ నుంచి భూతద్దం పెట్టుకుని చదివేదాన్ని, ఒక్కో పేజీకి ఒక పూట. ఇప్పుడు అదీ కుదరటంలేదు. ఈ ఉత్తరం మీటల మీద వేళ్ళ అలవాటుతో కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకో.

నా కంటి మధ్యభాగం పోయింది, దెస్పినా. రెండు కళ్ళలోనూ. అంచులు మిగిలాయి. దేని వైపైనా తిన్నగా చూస్తే, సరిగ్గా అక్కడే ఒక బూడిద మచ్చ ఉంటుంది. ముఖం వైపు చూస్తే ముఖం ఉండదు. జుట్టూ భుజాలూ ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. మీ విమానాశ్రయంలో ఒకావిడ నాలుగడుగుల్లో ఆగినప్పుడు ఆవిడ ముఖం నాకు తెలియకపోవడానికి కారణం ఇదే. డాక్టరు మందు లేదన్నాడు. అంచులు ఉంటాయట, గుడ్డిదాన్ని కాను. చదవడం, కుట్టడం, ముఖాలు, ఇవి ఉండవు.

నీకు చెప్పకపోవడానికి కారణం గర్వం. చెబితే జాలిపడి వస్తావని భయం. నువ్వు జాలితో కాక కోపంతో, నవ్వుతో, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ రావాలని కోరుకున్నాను. అలాగే వచ్చావు. నిన్ను అంత బాధపెడుతున్నానని తెలిస్తే మొదటిరోజే చెప్పేదాన్ని. నాకు తెలియలేదు, ఎందుకంటే నీ ముఖంలో అది కనిపించేంత చూపు నాకు లేదు.

ఇంకొకటి నీకు తెలియాలి. తిన్నగా చూస్తే కనిపించనివి, కొంచెం పక్కకి చూస్తే కంటి అంచులోకి వస్తాయి. మసకగానే, అయినా వస్తాయి. నువ్వు మాట్లాడబోయే ముందు చేత్తో మూతి తుడుచుకుంటావు. నవ్వితే ముందు భుజాలు ఎగురుతాయి, తర్వాత నవ్వొస్తుంది. మీ ఆయన గురించి చెప్పినప్పుడు శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నావు, ఎనిమిదిసార్లు. పాపిడి దగ్గర రంగు వెయ్యని తెల్ల జుట్టు రెండు వేళ్ళంత ఉంది. ఇవన్నీ నాకు ఎవరు చెప్పారనుకున్నావు?

కిటికీ వైపు చూశానన్నావు. అల్మరా వైపు, దీపం వైపు, స్తంభం వైపు. చూశాను. అలా చూస్తేనే నువ్వు కనిపించావు. ఆ కిటికీలో ఏముందో నాకు తెలియదు, దెస్పినా. ఆ నాలుగు రోజులూ నేను చూసింది నిన్నే.

హిల్కా